తీరికను బోధించే విద్య: వినోదం నుంచి ఉపరతి వరకు

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయం ఒక విద్యావంతుని దుఃఖంతో ఆరంభమవుతుంది. నారద మహర్షి సనత్కుమారుని సమీపించి, తాను అభ్యసించిన విద్యలన్నింటినీ వరుసగా నివేదిస్తాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య మొదలైనవి అందులో ఉన్నాయి. ఆ పట్టిక చివర దేవజనవిద్య అనే పేరు వస్తుంది. సుగంధద్రవ్యాల కూర్పు, నృత్యం, గీతం, వాద్యం, శిల్పం మొదలైన వాటి విజ్ఞానమని శంకర భగవత్పాదులు దానికి భాష్యం వ్రాశారు. అనగా మానవుని ఉల్లాసానికి సంబంధించిన శాస్త్రాలు కూడా వేదాలతో పాటు ఒకే పట్టికలో చోటు పొందాయి.

ఇన్ని చదివినా నారదుని శోకం తీరలేదు. తాను మంత్రవేత్తనే గాని ఆత్మవేత్తను కానని ఆయన ఒప్పుకొన్నాడు. సనత్కుమారుడు ఆ విద్యలను నిందించలేదు. అవన్నీ నామమాత్రమేనన్నాడు, ఆ నామాన్ని సైతం ఉపాసించమన్నాడు, దానికంటె అధికమైనది ఉన్నదని చెప్పి ఒక్కొక్క మెట్టూ పైకి నడిపించాడు. ఏ లౌకికవిద్యపట్లనైనా వేదాంతికి ఉండవలసిన దృష్టి ఇదే. తిరస్కారం తగదు, అదే అంతిమమనే భ్రాంతీ తగదు.

నారదుని పట్టికను నేడు పూరింపబూనితే అందులో చేర్చదగిన విచిత్రమైన విద్య ఒకటి ఉన్నది. అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాలలో రిక్రియేషన్ అడ్మినిస్ట్రేషన్, లీజర్ సర్వీసెస్ వంటి పేర్లతో అది బోధింపబడుతున్నది. ప్రజల తీరిక వేళలను సద్వినియోగపరచే ఉద్యానాలు, క్రీడాస్థలాలు, శిబిరాలు, సామాజిక కేంద్రాలు, ఉత్సవాలు, వృద్ధుల కార్యక్రమాలు మొదలైన వాటిని ఎలా సంకల్పించాలో, ఎలా నిర్వహించాలో నేర్పే శాస్త్రమిది. ఆ దేశాలలో స్థిరపడిన ఒక తెలుగింట పిల్ల కంప్యూటర్ శాస్త్రాన్ని కాదని ఈ విద్యను ఎన్నుకొంటే ఏమవుతుంది? ఇతరులచేత ఆటలాడించడానికి నాలుగేళ్ల చదువు ఎందుకని తండ్రి విస్తుపోతాడు. కాలక్షేపానికి కూడా కళాశాల కావాలా తల్లీ అని, జపమాల పట్టుకొన్న నాయనమ్మ నవ్వుతుంది. ఆ ఇద్దరి ప్రశ్నలూ తేలికైనవి కావు. వాటికి సమాధానం శాస్త్రదృష్టితోనే చెప్పవలసి ఉన్నది.

ఈ విద్య పుట్టిన చోటు

ఈ విద్య విలాసగృహాలలో పుట్టలేదు, మురికివాడలలో పుట్టింది. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో అమెరికా నగరాలు కర్మాగారాలతో నిండిపోయాయి. వలసవచ్చిన కార్మికుల పిల్లలకు వీధి తప్ప ఆడుకొనే చోటు లేదు. 1885లో బోస్టన్ నగరంలో పేదపిల్లల కోసం ఇసుకకుప్పలు పోయించి, పర్యవేక్షణకు పెద్దలను నియమించారు. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు మహిళలు షికాగోలో హల్ హౌస్ అనే సేవాగృహాన్ని స్థాపించి, పొరుగునున్న పేదల మధ్య నివసిస్తూ చదువుతో పాటు సంగీతం, నాటకం, ఆటస్థలం వారికి అందుబాటులోకి తెచ్చారు. 1906లో ప్లేగ్రౌండ్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా ఏర్పడింది. ఆ ఉద్యమానికి శిక్షితులైన నిర్వాహకులు కావలసివచ్చి, 1926లో నేషనల్ రిక్రియేషన్ స్కూల్ వెలిసింది. ఆపై విశ్వవిద్యాలయాలు ఈ బోధనను స్వీకరించాయి.

మరొకవైపు కార్మికులు తమ కాలం కోసం పోరాడారు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మే మాసంలో అదే షికాగోలో రక్తం చిందింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే పరిశ్రమలలో పనిగంటలను రోజుకు ఎనిమిదికి పరిమితం చేసింది. 1948 నాటి సార్వజనీన మానవహక్కుల ప్రకటన తన ఇరువది నాల్గవ అధికరణంలో విశ్రాంతిని, తీరికను ప్రతి మనిషి హక్కుగా ప్రకటించింది. భారత రాజ్యాంగపు ఆదేశిక సూత్రాలలో నలభై మూడవ అధికరణం కూడా శ్రామికులకు జీవనవేతనంతో పాటు తీరికను సంపూర్ణంగా అనుభవించే స్థితిని సమకూర్చడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతున్నది. తీరిక అనే మాట ఒక గణతంత్రపు మూలశాసనంలోకి ఎక్కిందంటే, అది సోమరుల కోరిక కాదని స్పష్టమవుతున్నది.

పూర్వపక్షం

భక్తులలోను, సాధకులలోను ఈ విద్యపై రెండు ఆక్షేపాలు వినవస్తాయి.

మొదటిది: నరజన్మ దుర్లభం, ఆయువు క్షణభంగురం. ఉన్న కాలాన్ని జపధ్యానాలకు వినియోగించక వినోదానికి వెచ్చించడం ప్రమాదం. ఆ ప్రమాదాన్ని ఒక వృత్తిగా పెంచే విద్య ఇంకెంత ప్రమాదం!

రెండవది: ఆట సహజమైనది. పిల్లవాడికి ఆడడం ఎవరూ నేర్పరు. సహజమైనదానికి పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా అవసరమా?

సమాధానం

మొదటి ఆక్షేపానికి గీత ఆరవ అధ్యాయమే సమాధానం. ధ్యానయోగాన్ని ఉపదేశించే ఆ అధ్యాయంలో భగవానుడు యోగికి ఆహారం, చేష్ట, నిద్ర, మెలకువలతో పాటు విహారాన్ని కూడా చెప్పి, అన్నీ యుక్తంగా ఉండాలని నియమించాడు. శంకరులు అక్కడ విహారమంటే పాదక్రమం, అనగా నడక, అని సరళంగా అర్థం చెప్పారు. యోగికే నియతమైన విహారం అవసరమైతే గృహస్థుకు అనవసరమెలా అవుతుంది? అక్కడ నిషిద్ధమైనది అతి మాత్రమే. అతిభోజనం ఎంత దోషమో అనాహారమూ అంతే దోషమని ఆ సందర్భమే బోధిస్తున్నది.

ఆగమసంప్రదాయం ఇంకొక అడుగు ముందుకు వేసింది. దేవునికే తీరికను ఏర్పరచింది. తిరుమలలో చైత్రమాసాన మూడు దినాల వసంతోత్సవం స్వామి వేసవి తాపాన్ని చల్లార్చడానికి జరుగుతుంది. ఫాల్గుణంలో పుష్కరిణిపై ఐదు దినాల తెప్పోత్సవం. కనుమనాడు పారువేట ఉత్సవంలో స్వామి వేటకు వెడలుతాడు. ప్రతి సాయంకాలం ఊంజల్ సేవలో ఊయల ఊగుతాడు. రాత్రి ఏకాంతసేవలో జోలపాటతో శయనిస్తాడు. ఏ వేళకు ఏ వాద్యం, ఏ వాహనం, ఏ నైవేద్యం, ఎవరి బాధ్యత ఏమిటి అన్నవన్నీ నిర్ణీతమై ఉన్నాయి. వేలాది భక్తుల రాకపోకలు, భద్రత, అన్నప్రసాదం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. కార్యక్రమ రూపకల్పన, స్థల నిర్వహణ, జనసమూహ రక్షణ అనే పేర్లతో ఆ విశ్వవిద్యాలయ విభాగాలు బోధిస్తున్నది ఈ పనినే. ఆలయాలు శతాబ్దాలుగా దీనిని కైంకర్యమని పిలుస్తున్నాయి.

సృష్టికి ప్రయోజనమేమిటనే ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు రెండవ అధ్యాయపు మొదటి పాదంలో లీల అనే సమాధానమిచ్చాయి. కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనమూ ఆశించక క్రీడలలో ప్రవర్తించినట్లే ఈశ్వరుని సృష్టి కూడా అని భాష్యం. జగత్కారణాన్నే క్రీడతో పోల్చిన దర్శనం క్రీడను తుచ్ఛమనజాలదు.

నాయనమ్మ నవ్వుతూ అన్న మాటలోనే ఆమె ప్రశ్నకు సమాధానం దాగి ఉన్నది. తెలుగులో కాలక్షేపమనే పదానికి రెండు ముఖాలు ఉన్నాయి. పొద్దు గడవక చేసేది కాలక్షేపం. శ్రీవైష్ణవులు ఆచార్యుని సన్నిధిలో గ్రంథార్థాన్ని శ్రవణం చేయడమూ కాలక్షేపమే. హరికథకూ అదే పేరు. కాలాన్ని గడపక తప్పదు. దేనితో గడుపుతామన్నదే ప్రశ్న అని మన పూర్వులు ఒక్క పదంలో నిక్షేపించారు. గ్రీకు భాషలో తీరిక అని అర్థమిచ్చే పదం నుంచే స్కూల్ అనే మాట పుట్టింది. అక్కడా చదువు తీరిక బిడ్డే.

సహజమైనదానికి శిక్షణ ఎందుకు?

రెండవ ఆక్షేపానికి సమాధానం ఈ చదువులో నిజంగా ఏమున్నదో తెలిస్తే లభిస్తుంది. విద్యార్థి తీరిక యొక్క చరిత్రను, తత్త్వాన్ని చదువుతాడు. ఒక ప్రాంతంలోని ప్రజల అవసరాలను విచారించి తెలుసుకొనే పద్ధతిని నేర్చుకొంటాడు. ఆయవ్యయాలు, ఉద్యానాల పోషణ, ఈతకొలనులోను ఆటస్థలంలోను సంభవించగల అపాయాల నివారణ, న్యాయపరమైన బాధ్యత, స్వచ్ఛందసేవకుల నియామకం, చక్రాలకుర్చీలో ఉన్నవారికీ చూపులేనివారికీ అందుబాటు కల్పించడం అతని పాఠాలు. చివర కొన్ని మాసాలు ఏదైనా సంస్థలో ప్రత్యక్షంగా పనిచేస్తాడు.

వీటిలో శిరోభాగం థెరప్యూటిక్ రిక్రియేషన్. పక్షవాతంతో చేయి చచ్చుబడినవారు, మతిమరుపు వ్యాధిలో కుటుంబాన్ని మరచినవారు, మనోవ్యాధితో ముడుచుకొనిపోయినవారు, యుద్ధంలో అవయవాలు కోల్పోయినవారు ఇక్కడి రోగులు. నిపుణుడు ముందుగా వ్యక్తి స్థితిని అంచనా వేస్తాడు, తగిన క్రియలను సంకల్పిస్తాడు, అమలుచేస్తాడు, ఫలితాన్ని పరీక్షిస్తాడు. 1981లో స్థాపితమైన ఒక జాతీయమండలి అమెరికాలో ఈ వృత్తికి యోగ్యతాపత్రమిస్తున్నది. భర్త పేరు మరచిన వృద్ధురాలు బాల్యంలో నేర్చిన పాటను అందుకొని పూర్తిగా పాడడం ఈ రంగంలో పనిచేసేవారు ఎరిగిన విషయమే. తెలుగు తల్లి అయితే ఆ పాట మంగళహారతి కావచ్చు. ఆ పాటను అడగాలని తెలిసినవాడు ఆ గదిలో ఉండడమే ఇక్కడ విద్య. ఆట సహజమే, ఆడలేని స్థితిలో ఉన్నవానికి ఆటను తిరిగి ఇవ్వడం సహజం కాదు.

ఈ విద్య ఆగిపోయే చోటు

సమర్థన ఇంతవరకు. ఇకపై విమర్శ లేకపోతే అది పక్షపాతమవుతుంది.

ఈ శాస్త్రం తీరికను తరచుగా పని తరువాత మిగిలిన కాలంగా నిర్వచిస్తుంది. ఎందరు పాల్గొన్నారు, ఎంత తృప్తి చెందారు, ఎంత ఆదాయం వచ్చింది అన్నవి దాని కొలమానాలు. కాలక్రమేణ కొన్ని విభాగాల పేర్లే మారాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒకనాడు లీజర్ స్టడీస్ అని పిలువబడిన విభాగం తరువాత రిక్రియేషన్, స్పోర్ట్ అండ్ టూరిజం అయింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వంటివి తీరిక అనే పదాన్ని నిలుపుకొన్నాయి. పేరు మార్పు చిన్నదే కావచ్చు. కాని తీరిక అంటే ఏమిటి అనే ప్రశ్న వెనుకకు జరిగి, క్రీడలు, పర్యాటకం అనే వ్యాపారాలు ముందుకు రావడం అందులో కనిపిస్తుంది.

ఆ శాస్త్రంలోనే లోతుగా ఆలోచించినవారు లేకపోలేదు. కెనడా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్ 1982లో గంభీరమైన తీరిక అనే భావనను ప్రతిపాదించాడు. పట్టుదలతో, శ్రమతో, ఏళ్లతరబడి అభ్యసించే సంగీతం వంటివి ఒక కోవ. తక్షణ సుఖమిచ్చి మాయమయ్యేవి మరొక కోవ. గీత పదునెనిమిదవ అధ్యాయంలోని సుఖవిభాగం తెలిసినవారికి ఇది పరిచితంగానే తోస్తుంది. ఆరంభంలో విషంలా ఉండి పరిణామంలో అమృతమయ్యేది సాత్త్వికసుఖం; విషయేంద్రియ సంయోగంతో ముందు అమృతంలా ఉండి తరువాత విషమయ్యేది రాజసం; నిద్రాలస్య ప్రమాదాలలో పుట్టేది తామసం. స్టెబిన్స్ తొలి వర్గీకరణలో ఈ రెండు కోవలే ఉన్నాయి. గీత మూడవదానిని, మోహాన్ని, స్పష్టంగా చూపింది. అర్ధరాత్రి దాటినా చరవాణి తెరను వేలితో జరుపుతూ కూర్చున్నవాడు సుఖిస్తున్నాడని చెప్పడం కష్టం, పనిచేస్తున్నాడని చెప్పడమూ కష్టం. ఆ స్థితికి గీత పెట్టిన పేరు సరిపోతుంది.

మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ అనే మనస్తత్త్వవేత్త 1975లో వెలువరించిన గ్రంథంతో మరొక అంశం వెలుగులోకి వచ్చింది. సామర్థ్యానికి తగిన సవాలు ఎదురైనప్పుడు మనిషి క్రియలో లీనమై తనను తాను మరచిపోతాడు. దానికి ఆయన ప్రవాహమని పేరు పెట్టాడు. వేదాంతి ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతాడు. అహంకారం కాసేపు మరుగైతే ఆనందం కలిగింది. ఆ ఆనందం పర్వతారోహణలో ఉన్నదా, అహంకారం మరుగు కావడంలో ఉన్నదా? పర్వతంలోనే ఉంటే అందరికీ కలగాలి. మరుగు కావడంలో ఉంటే, పర్వతం దిగివచ్చిన తరువాత కూడా అది లభించే మార్గం వెదకాలి. సుషుప్తిలో పండితునికీ పామరునికీ సమానంగా కలిగే సుఖాన్ని ఉపనిషత్తులు ఉదాహరించడం ఈ ప్రశ్న కోసమే. విశ్వవిద్యాలయం ఆ ప్రశ్న గడపదాకా వచ్చి ఆగుతుంది. అది దాని నేరం కాదు. నారదుని విద్యలన్నీ ఆగింది అక్కడే.

నాలుగు మెట్లు

భారతీయ పదసంపదను అనుసరిస్తే ఈ గడప దాటే దారి కనిపిస్తుంది. వినోదమనే పదంలోని ధాతువుకు తొలగించడమని అర్థం. చింతను తోసివేసేది వినోదం. తోసిన చింత మళ్లీ వస్తుంది. విహారం చింతను తోయదు. దేహానికీ మనసుకూ చోటు మార్చి ఊపిరినిస్తుంది. విశ్రాంతిలో శ్రమ అణగిపోతుంది. నాల్గవది ఉపరతి. శమదమాది షట్కంలో అది సాధనగా చెప్పబడింది.

ఉపరతి అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడమని చాలామంది భావిస్తారు. శంకరుల పేర ప్రసిద్ధమైన తత్త్వబోధ దానికి స్వధర్మానుష్ఠానమని అర్థం చెప్పడం ఆశ్చర్యం కలిగిస్తుంది. కర్తవ్యాన్ని సంపూర్ణంగా నెరవేర్చినవాని మనసుకు వెలుపల వెదకవలసినది మిగలదు. ఆ మిగలకపోవడమే విరామం. పని ఒకవైపు, తీరిక ఒకవైపు అనే విభజన ఇక్కడ కరిగిపోతుంది. ముండకోపనిషత్తు బ్రహ్మవేత్తలలో శ్రేష్ఠుని వర్ణిస్తూ ఆత్మక్రీడుడని, ఆత్మరతుడని చెప్పి, వెంటనే క్రియావంతుడని కూడా అన్నది.

1930లో ఆర్థికశాస్త్రవేత్త కీన్స్ నూరేళ్లలో మనిషి వారానికి పదిహేను గంటలు పనిచేస్తే చాలునని ఊహించి, అప్పుడు దొరికే స్వేచ్ఛను ఎలా వినియోగించుకోవాలన్నదే మానవుని నిజమైన సమస్య అవుతుందని హెచ్చరించాడు. ఆ నూరేళ్లు నిండవస్తున్నాయి. పనిగంటలు ఆయన ఊహించినంత తగ్గలేదు. ఆయన చెప్పిన సమస్య మాత్రం ముందే వచ్చి కూర్చున్నది. పదవీవిరమణ పొందిన తండ్రి అమెరికాలోని కుమారుని ఇంట ఆరు మాసాలు గడపడానికి వస్తాడు. పగలంతా ఇల్లు ఖాళీ. కారు నడపలేడు, పక్కింటివారి భాష అందదు. ముప్పై ఐదేళ్లు కార్యాలయమే లోకంగా బ్రతికినవానికి మౌనం శత్రువుగా తోస్తుంది. గీతాపారాయణం చేసినవాడే, ఒంటరిగా కూర్చోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. కుమారునికి ఆయన బాధ అర్థమవుతుంది గాని ఔషధం తెలియదు.

అటువంటి పెద్దలను వారానికి రెండుసార్లు ఒకచోట చేర్చి, నడక, భజన, చదరంగం, తోటపని, మనుమలకు కథలు చెప్పే వేళ ఏర్పాటు చేయగలవారు కావాలి. దానికి సదుద్దేశం ఒక్కటే చాలదు. రవాణా, అనుమతులు, ఆరోగ్యం, భద్రత తెలియాలి. ప్రవాసాంధ్రుల ఆలయాలలో వంటశాలకు నిపుణులున్నారు, లెక్కలకు నిపుణులున్నారు. తీరికకు నిపుణులు అరుదు. పిల్లల వేసవి శిబిరం తల్లుల ఉత్సాహంపై నడుస్తుంది. పెద్దల గది ఖాళీగా ఉంటుంది. ఆంధ్రలోను, తెలంగాణలోను పిల్లలు దూరదేశాలకు వెళ్లగా మిగిలిన తల్లిదండ్రుల అపార్టుమెంట్లలో, వృద్ధాశ్రమాలలో ఇదే అవసరం ఇంకా తీవ్రంగా ఉన్నది. వారికి మూడు పూటలా భోజనం, మందులు అందుతున్నాయి. భోజనానికి భోజనానికి మధ్య ఉన్న కాలానికి మాత్రం బాధ్యులు లేరు.

కనుక ఆ తెలుగింట పిల్ల ఈ విద్యను ఎన్నుకొంటే తండ్రి అడ్డుపడరాదు. జీతం ఇతర రంగాలకంటె తక్కువ కావచ్చునని నిజాయితీగా చెప్పడం ఆయన ధర్మం. ఇది చదువే కాదని పరిహసించడం అధర్మం. ఆ పిల్లకూ ఒక కర్తవ్యం ఉన్నది. ఇతరుల తీరికను నిర్వహించేవారు తమ తీరికను కోల్పోవడం ఈ వృత్తికి సహజమైన అపాయం. లోకమంతా సెలవులో ఉన్న దినాలే వారికి పనిదినాలు. ఉదయం కొంతసేపు మౌనంగా కూర్చొని, విశ్రమించేది ఎవరు అని విచారించే అభ్యాసం లేకపోతే, ఆమె కూడా ఇన్ని విద్యలు నేర్చి శోకించిన నారదుని స్థితికి చేరుతుంది. ఆ అభ్యాసం ఉంటే చదివిన ప్రతి పాఠమూ సేవకు సాధనమవుతుంది.

నాయనమ్మకు కూడా ఒక విన్నపం. మనుమరాలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆమెతో కూర్చొని ఛాందోగ్యంలోని నారద సనత్కుమార సంవాదాన్ని వినిపించాలి. ఆ సంవాదం దేవజనవిద్యను కలుపుకొన్న పట్టికతో మొదలై, అల్పంలో సుఖం లేదని, భూమయే సుఖమని నిరూపించి, దానిని ఎరిగినవాడు ఆత్మలోనే క్రీడిస్తాడని ముగింపుకు వస్తుంది. ఆటను గురించిన చదువుతో బయలుదేరినవానికి చివర దొరికినది కూడా ఆటయే. ఈ నడుమ మారినది క్రీడాస్థలం. అది బయటనుంచి లోపలికి వచ్చింది. ఆ కాలక్షేపానికి అమ్మమ్మలు, నాయనమ్మలు ఆచార్యులైతే, విశ్వవిద్యాలయం గడప దగ్గర ఆపిన ప్రశ్న ఇంటి గడపలోపల కొనసాగుతుంది.

స్వస్తి.